ఊళ్లో బస, ఒడ్డుకు పోయిరావడం: రెండు చీరాల యాత్రల కేస్ స్టడీ

"ఏం తమ్మీ, సముద్రం కాడికొచ్చి చెరువు చేపనే తినుడా?"

2023 మే నెలలో చీరాల వైపు సముద్రపు ఒడ్డున, ఒక రిసార్ట్ భోజనాల బల్ల దగ్గర, హనుమకొండకు చెందిన ఒక విశ్రాంత తెలుగు పండిట్ సారు నన్ను అడిగిన మాట ఇది. ఆయన పళ్లెంలో ఉన్నది రవ్వ చేప ముక్క. వరంగల్‌లో ఏ ఆదివారం బజారుకు పోయినా దొరికే రవ్వ. దానికోసం ఆయన సుమారు 300 కిలోమీటర్లు రైల్లో కూర్చుని వచ్చాడు. నా దగ్గర జవాబు లేదు. వడ్డించే అబ్బాయే చెప్పాడు: "వేట లేదు కదండీ. జూన్ పద్నాలుగు దాకా బోట్లు కదలవు."

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మరబోట్లతో సముద్రంలో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలం అది. ఒడ్డున పుట్టిన చిన్నపిల్లలకూ తెలిసిన సంగతి. హనుమకొండలో కూర్చుని యాత్రలు నడిపే నాకు తెలియదు. మా వైపు ప్రయాణాలంటే వేసవి సెలవులు, వేసవి సెలవులంటే మే నెల. ఆ లెక్క మీదే పోయాను.

ఈ వ్యాసం ఒకే బృందంతో చేసిన రెండు యాత్రల గురించి. మొదటిది 2023 మేలో, రెండోది 2025 ఫిబ్రవరిలో. రెండుసార్లూ పోయింది చీరాల ప్రాంతానికే. బృందం 31 మంది: హనుమకొండ, కాజీపేటల్లో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయులు, వాళ్ల జీవిత భాగస్వాములు. అందరూ అరవై దాటినవాళ్లే. సగం మందికి మోకాళ్ల నొప్పులు, చాలామందికి షుగరు, తొమ్మిది మంది పూర్తి శాకాహారులు. వీళ్లలో సముద్రాన్ని అంతకుముందు ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఏడుగురు ఉన్నారు. ఆ ఏడుగురి కోసమే సముద్రం అనుకున్నారు.

మొదటిసారి ఏం జరిగింది

మొదటి యాత్రలో నేను చేసిన ప్రతి ఏర్పాటూ ఒకే ఆలోచన నుంచి పుట్టింది: సముద్రం చూడటానికి పోతున్నాం కాబట్టి సముద్రానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కిటికీ తెరిస్తే అలలు కనబడే రిసార్ట్‌లో గదులు తీసుకున్నాను. ఫొటోల్లో చాలా బాగుంది.

రాత్రి బండి ఎక్కాం. అర్ధరాత్రి దాటాక చీరాలలో దిగాం. రిసార్ట్‌లో గదులిచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి. అంతమంది పెద్దవాళ్లను రిసెప్షన్ కుర్చీల్లో కూర్చోబెట్టలేక అదనంగా ఒక రోజు అద్దె కట్టి గదులు తెరిపించాను. అది శనివారం. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నుంచి కుర్రవాళ్లు కార్లేసుకుని దిగారు. వారాంతపు అద్దె మామూలు రోజుల అద్దెకు దాదాపు రెట్టింపు. పైగా రాత్రంతా పాటల హోరు.

స్నానాల గదిలో కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయి. సబ్బు నురగ రాలేదు. ఇసుక తీరాల్లో పైన పలచగా మంచినీటి పొర ఉంటుంది, దాని కిందే ఉప్పునీరు. కొద్దికొద్దిగా తోడుకుంటే మంచినీళ్లే వస్తాయి. అందుకే ఆ ఊళ్లలో ఫిల్టర్ పాయింట్లు అనే, లోతు తక్కువ గొట్టపు బావులు వేసుకుంటారు. లోతుకు బోరు వేసి పెద్ద మోటారుతో లాగితే అడుగున ఉన్న ఉప్పు పైకి వస్తుంది. ఒడ్డున పదుల గదులకు నీళ్లు లాగే చోట జరిగేది అదే. ఇది తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే: టీలో కూడా ఆ రుచి తగులుతోందని టీచరమ్మలు కప్పులు పక్కన పెట్టేశారు.

పొద్దున ఎనిమిది దాటితే ఒడ్డు మీద నిలబడలేం. సాయంత్రం అయిదు దాకా గదులే గతి. మా ఓరుగల్లు ఎండ ఎక్కువే గానీ పొడి ఎండ. అక్కడి మే నెల ఉక్కపోత వేరు, కొంగు పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. రెండో రాత్రి ఒకాయన బీపీ మాత్రలు అయిపోయాయి. మందుల షాపు ఊళ్లో ఉంది. చీకటి పడ్డాక ఆ ఒడ్డుకు ఆటో రాదు. రిసార్ట్ వాళ్ల మోటార్ సైకిల్ అడిగి తీసుకుని నేనే పోయి తెచ్చాను.

చివరి రోజు రైలుకు ముందు గంటన్నర సమయం చీరల కోసం ఇచ్చాను. చీరాలకు పోయి చీర చూడకుండా వస్తే ఎలాగని ఆడవాళ్లు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. గంటన్నరలో ఆటోలు కుదుర్చుకుని, దుకాణం దొరికి, కూర్చుని, మడతలు విప్పించేసరికి రైలు టైమైంది. ఒక్క చీర కూడా కొనలేదు.

ఇంకొకటి. సూర్యుడు సముద్రంలో మునగడం చూడాలని కొందరు సాయంత్రం నీళ్లవైపు తిరిగి కూర్చున్నారు. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీద పుడతాడు, మన వీపు వెనుక, ఊరివైపు దిగిపోతాడు. పొద్దున్నే లేపి చూపించాల్సింది నేను. రాత్రి హోరుకు నిద్రలేని వాళ్లను లేపడానికి మనసొప్పలేదు.

తిరిగొచ్చాక హనుమకొండలో ఒక సారు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఎవరూ సముద్రం బాగాలేదని అనలేదు. ఆ మాటలన్నీ రాసుకుని ఇంటికొచ్చి చూసుకుంటే ఒక సంగతి కనబడింది. రోజుకు మేం నీళ్ల దగ్గర గడిపింది మహా అయితే మూడు గంటలు. ఆ మూడు గంటల కోసమే నేను మొత్తం ఏర్పాటు చేశాను. మిగిలిన ఇరవై ఒక్క గంటలు పడుకోవాలి, తినాలి, మందులు కొనాలి, ఇంటికి ఏదైనా పట్టుకుపోవాలి, నలుగురితో కూర్చుని మాట్లాడాలి. ఇవన్నీ సముద్రం ఇవ్వదు. పక్కన ఉన్న ఊరు ఇస్తుంది. నేను వాళ్లను ఊరు తప్పించి ఒడ్డుకు తీసుకుపోయాను.

తేదీ కుదరడానికి రెండేళ్లు

రెండోసారి ముందుగా తేల్చుకున్నది నెల. చెప్పినంత తేలిక కాదు.

వేట నిషేధం కాబట్టి ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫాన్ల భయం. మేం వెళ్లొచ్చిన ఏడాదే, 2023 డిసెంబరు 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కార్తీకంలో సముద్ర స్నానాల రద్దీ. సంక్రాంతికి కోస్తా వాళ్లంతా సొంతూళ్లకు పోతారు, ఆ రైళ్లలో కాలు పెట్టలేం. మిగిలింది జనవరి చివర, ఫిబ్రవరి. కానీ 2024 ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. 21 నుంచి 24 దాకా. మా వైపు ఆ రెండు మూడు వారాలు బస్సులు, వ్యాన్లు, డ్రైవర్లు అందరూ తాడ్వాయి దారిలోనే ఉంటారు. బృందంలో సగం మంది అమ్మవార్లకు బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు) మొక్కుకున్నవాళ్లే, బెల్లం ఎత్తు ఇవ్వకుండా వేరే ఊరికి కదలరు. అందుకే 2025 దాకా ఆగాం.

పౌర్ణమి కూడా చూసుకున్నాను. పున్నమి నాడు సూర్యుడు పడమట దిగే వేళకే చంద్రుడు తూర్పున లేస్తాడు. సముద్రంలో సూర్యుడు మునగడం చూపించలేను, చంద్రుడు లేవడం చూపించగలను. 2025లో మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 12, బుధవారం. వారం మధ్య కాబట్టి అద్దెలూ తక్కువ. మంగళవారం పోయి శుక్రవారం తిరిగి రావాలని నిర్ణయించాం.

రైలు ఈసారి పగటిది. ఆదిలాబాద్ నుంచి తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ వరంగల్ మీదుగానే చీరాల పోతుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాటాక దిగుతాం, గదిలోకి నేరుగా పోవచ్చు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి డిసెంబరులో ఆ రోజు పొద్దున్నే కూర్చున్నాను. ఒక టికెట్టు మీద ఆరుగురికే వీలు, అంటే నాతో కలిపి ఆరు టికెట్లు. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కొందరు ఇంకా ఉందనే అనుకుంటున్నారు, డబ్బు వసూలు చేసేటప్పుడే చెప్పేయాలి.

గదులు: నేను కుళాయి తిప్పి చూసినవి

జనవరిలో ఒక్కడినే చీరాల పోయి ఒక రాత్రి ఉండి వచ్చాను. ఆ ఖర్చు నా జేబులోంచే పెట్టుకున్నాను. అలాంటి ఖర్చు ఇకముందు ప్రతి కొత్త ఊరికీ పెట్టుకుంటాను.

ఊళ్లో లాడ్జీలు చూశాను. చూసింది నాలుగు. కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకున్నాను. లిఫ్ట్ ఎక్కాను, కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా అని అడిగాను. కమోడ్ ఉన్న గదులెన్నో లెక్కపెట్టాను. మంచం ఎత్తు చూశాను, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మరీ కిందికి ఉన్న మంచం మీంచి లేవలేరు. రిసార్ట్ వెబ్‌సైట్లలో ఇవేవీ ఉండవు.

చిన్న ఊళ్లలోని లాడ్జీలతో ఒక పెద్ద సౌకర్యం ఉంది: చాలా చోట్ల 24 గంటల లెక్క. మీరు మూడింటికి దిగితే మర్నాడు మూడింటి దాకా ఒక రోజు. మధ్యాహ్నం పన్నెండు అనే గీత ఉండదు. మొదటిసారి నేను కట్టిన అదనపు రోజు అద్దె ఈ ఒక్క పద్ధతితో మిగిలేది.

కానీ మాఘమాసం అంటే పెళ్లిళ్లు. ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు. చిన్న ఊళ్లో లాడ్జీలు నడిచేదే పెళ్లివారితో. నాకు నచ్చిన మొదటి లాడ్జి యజమాని పదహారు గదులూ ఒకేచోట ఇవ్వలేనన్నాడు. "పదమూడో తారీకు మంచి ముహూర్తం ఉందండీ. కళ్యాణ మండపం వాళ్లు మూడు నెలల కిందటే చెప్పారు." చివరికి పది గదులు అక్కడ, ఆరు గదులు ఎదురు వీధిలో ఇంకో లాడ్జిలో తీసుకున్నాను. అడ్వాన్సుకు రసీదు రాయించుకుని, దాని మీద గదుల నంబర్లు కూడా వేయించాను. నంబర్లు లేని రసీదు పెళ్లిళ్ల రోజుల్లో నిలవదు. ఆడపెళ్లివారు దిగగానే కింది అంతస్తు గదులు వాళ్లకు పోతాయి, మనవాళ్లు మూడో అంతస్తు ఎక్కాల్సి వస్తుంది.

బిల్లులో జీఎస్టీ గురించి ఒక్క మాట. 2022 జూలై 18 నుంచి వెయ్యి రూపాయల లోపు గదికి కూడా 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు అది 5 శాతానికి తగ్గింది. బేరం ఆడేటప్పుడు పన్నుతో కలిపా, కాకుండానా అని అడగాలి.

తిండి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొదటి యాత్ర పేరు పోయింది చేప ముక్క దగ్గరే.

మంగళవారం పోతున్నాం. బుధవారం పౌర్ణమి, చాలామంది నీసు ముట్టరు. గురువారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు అయిదుగురు. శుక్రవారం పొద్దున్నే తిరుగు రైలు హడావుడి. అంటే చేప తినేవాళ్లంతా కలిసి తినే పూట ఏదీ లేదు. ఎవరి వారం వాళ్లు రాసివ్వమని కాగితం పంపాను. అది చూశాక గురువారం మధ్యాహ్నానికి పదిహేడు మందికి చేపల భోజనం, మిగిలినవాళ్లకు శాకాహారం అని తేల్చాను.

మధ్యాహ్నమే ఎందుకంటే, చీరాల పక్కనే సముద్రం మీదున్న వాడరేవు ఒడ్డుకు బోట్లు పొద్దున వస్తాయి. చేపల వేలం పాట అక్కడే ఒడ్డు మీద జరుగుతుంది. ఆ చేప మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటే అది తాజా చేప. రాత్రి భోజనానికి అడిగితే వచ్చేది ఐసులో ఉన్నది. రాత్రిపూట చేప అడగకూడదన్నది నేను అక్కడ ఒక మెస్సు నడిపే అమ్మ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం.

ఆ మెస్సు జనవరిలోనే చూసుకున్నాను. బల్లలు ఆరు, వంట ఆమె, వడ్డన ఆమె అల్లుడు. నేను ముందే చెప్పిన విషయాలు మూడు. చేప తూకం ధర శుభ్రం చేయకముందు చెప్పాలి, ఎందుకంటే తల, పొట్ట, పొలుసు పోయాక తూకం బాగా తగ్గుతుంది, గొడవలన్నీ అక్కడే. శాకాహారుల కూరలు వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో, ముందుగా వండాలి. కారం తగ్గించాలి.

కారం సంగతి వరంగల్ వాళ్లకు చెప్పకపోతే అర్థం కాదు. మనం కారం తినేవాళ్లమే. కానీ మన చపాటా మిర్చి, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఆ టమాటా లాంటి కాయ, రంగు ఇచ్చినంత ఘాటు ఇవ్వదు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూర ఎర్రగా కనబడితే మన నాలుక ఒక లెక్క వేసుకుంటుంది. గుంటూరు వైపు పొడితో అదే ఎరుపు తెస్తే ఆ లెక్క తప్పుతుంది. ఒక టీచరమ్మ ఇంటి నుంచి కారప్పొడి డబ్బా తెచ్చి మెస్సు అమ్మ చేతికిచ్చింది. ఆమె వాసన చూసి, చారెడు పెనం మీద వేసి చూసి, "మా పొడిలో సగం దీంతో కలిపి వేస్తానమ్మా" అంది. ఆ పులుసు ఇద్దరి చేతి వంట.

గురువారం వంజరం పులుసు, చందువ వేపుడు, రొయ్యల ఇగురు. వంజరంలో నడిమి ముల్లే తప్ప రవ్వ, బొచ్చెల్లో లాగా సన్న ముళ్లు గొంతుకు అడ్డం పడవు, పెద్దవాళ్లకు నిశ్చింత. రొయ్యలు మాత్రం ఏ నెలలోనైనా దొరుకుతాయి, అవి చాలావరకు చెరువుల్లో పెంచే వనామీ. అదీ దాచకుండా చెప్పాను. పండిట్ సారు వంజరం ముక్క విరిచి, తిని, ఏమీ అనలేదు. ఇంకో ముక్క వేయించుకున్నాడు.

రాత్రిపూట రొట్టె కోసం మాత్రం ఓడిపోయాను. మావాళ్లలో షుగరున్నవాళ్లు రాత్రి జొన్న రొట్టె తింటారు. చీరాలలో నేను అడిగిన చోట్ల జొన్న రొట్టె దొరకలేదు. గోధుమ చపాతీలతో మూడు రాత్రులు గడిపాం. ఇంటి నుంచి సకినాలు, కట్టె రొట్టెలు తెచ్చుకున్నవాళ్లు వాటిని అందరికీ పంచారు. ఇకమీదట జొన్న పిండి మనమే పట్టుకుపోతాం. రొట్టె కొట్టడం వచ్చినవాళ్లు బృందంలోనే ఆరుగురున్నారు, మెస్సు అమ్మ పొయ్యి ఇస్తానంది.

కొనుగోళ్లు, నా పొరపాటు

బుధవారం పొద్దున మాఘ పౌర్ణమి స్నానాల కోసం ఒడ్డున జనం ఉంటారని తెలుసు. అందుకే ఆ పూట ఊరివైపే ఉంచాను. ముందు వేటపాలెం.

వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. జీవితమంతా బడిలో గడిపిన ముప్పై మందిని పాత పత్రికలున్న గదిలోకి తీసుకుపోయి ముప్పావు గంట టైము ఇచ్చాను. వాళ్లు రెండు గంటలు బయటికి రాలేదు. కదలమని అడగడానికి నోరు రాలేదు. ఒక సోషల్ సారు 1921 చీరాల, పేరాల ఉద్యమం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉన్న కథ. తరగతి గదుల్లో ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం, ఆ ఊరి పక్కనే నిలబడి చెప్పడం ఆయనకు అదే మొదటిసారి.

అక్కడి నుంచి జాండ్రపేట మగ్గాల దగ్గరికి పోయేసరికే ఆలస్యమైంది. మా కొత్తవాడ జంపఖానాలు చూసి పెరిగినవాళ్లకు మగ్గం కొత్త కాదు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి, పడుగు, పేక, అన్నీ తెలుసు. కానీ కుప్పడం నేత వేరు. అంచుకు ఒక రంగు, ఒంటికి ఒక రంగు, పేక పోగును అటూ ఇటూ నడిపే నాడెలు మూడింటితో, ప్రతి పోగు దగ్గరా రెండు రంగులను ఒకదానితో ఒకటి కొక్కెం వేసినట్టు కోర్చుకుంటూ నేయాలి. వెనక్కి తిప్పి చూస్తే ఆ కూర్పు కనబడుతుంది. అంచు రంగు ఒంట్లోకి పాకకుండా గీత గీసినట్టు ఆగుతుంది.

ఒక టీచరమ్మ మగ్గం మీది చీర పట్టుకుని, "ఇది ఎంతకిస్తవ్ బిడ్డా?" అని అడిగింది. ఆ అబ్బాయి నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆ చీర అతనిది కాదు. నూలు, పట్టు, జరీ మాస్టర్ వీవర్ ఇస్తాడు, నేసినందుకు కూలి ఇస్తాడు. మగ్గం దగ్గరికి పోతే దళారీ లేకుండా చీర దొరుకుతుందన్నది మనలో చాలామంది నమ్మకం. చాలా ఇళ్లలో అది కుదరదు. అతన్ని చాటుగా అమ్మమని అడిగితే అతని పనికే ఎసరు. నేత చూడాలంటే మగ్గం దగ్గరికి, కొనాలంటే మాస్టర్ వీవర్ ఇంటికో, సొసైటీకో, చేనేత సహకార సంస్థ ఆప్కో దుకాణానికో పోవాలి. ఇది బస్సులోనే చెప్పి ఉండాల్సింది. రెండు గంటల నేతను చూశాక మాస్టర్ వీవర్ ఇంట్లో ఎవరూ బజారు బేరం ఆడలేదు, అది నేను గమనించాను. తొమ్మిది చీరలు కొన్నారు.

ఈలోపు మధ్యాహ్నం రెండు దాటింది. పన్నెండున్నరకు అనుకున్న భోజనం. షుగరు మాత్ర వేసుకుని వచ్చిన ఒక సారుకు చెమటలు పట్టి, చేతులు వణికి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చూడగానే షుగరు పడిపోయిందని అర్థమైంది. నా సంచిలో మందుల డబ్బా ఉంది, బ్యాండేజీ ఉంది, చక్కెర పొట్లం లేదు. నేత ఇంటి ఆవిడ లోపలికి పరిగెత్తి చెంబులో బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది. పావుగంటలో సారు లేచి కూర్చున్నాడు. ఆ పావుగంట నేను మరిచిపోను. అప్పటి నుంచి నా యాత్రల్లో భోజనం టైము ఏ గుడి కోసం, ఏ గ్రంథాలయం కోసం జరగదు. చూడాల్సింది మిగిలితే తిన్నాక మళ్లీ పోదాం. గ్లూకోజు పొట్లాలు నా జేబులోనే ఉంటాయి, సంచిలో కాదు.

జీడిపప్పు వేటపాలెంలోనే కొన్నారు. గ్రేడు నంబరు అంటే ఏమిటో ముందు చెప్పాను: డబ్ల్యూ 240 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 240 గింజల దాకా తూగేది. డబ్ల్యూ 320 అంటే 320 దాకా. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. పాయసంలోకి, లడ్డూలోకి గుండు అక్కర్లేదు, బద్ద చాలు, రుచి అదే. ఆ మాటతో చాలామంది సగం డబ్బు మిగుల్చుకున్నారు.

ఎండు రొయ్యలు కొననివాళ్లు తక్కువ. చింతచిగురు వచ్చే నాటికి ఇంట్లో ఉండాలని. ఇసుక మీద నేరుగా ఎండబెట్టినవి కాకుండా వలల మీదో పట్టాల మీదో ఎత్తులో ఎండబెట్టినవి అడగమన్నాను, పంటి కింద ఇసుక రాదు. రైల్లో వాసన రాకుండా మూత బిగుతు స్టీలు డబ్బాలు ఇంటి నుంచే తెమ్మని చెప్పాను. తెచ్చినవాళ్లు పద్నాలుగు మంది. తేనివాళ్ల పొట్లాలకు మూడు కవర్లు చుట్టినా ఒంగోలు నుంచి వచ్చిన పక్క సీటావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు క్షమాపణ చెప్పాను.

ఒడ్డు

అసలు సముద్రం దగ్గర మూడు రోజుల్లో గడిపింది అయిదు గంటలే.

మొదటి నియమం మోకాలి లోతు. మా బృందంలో చెరువుల్లో, బావుల్లో ఈదిన మొగవాళ్లు ఉన్నారు, వాళ్లతోనే ఎక్కువ భయం. చెరువు మనిషిని గుంజదు. సముద్రంలో అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు తిరిగి పోవడానికి అక్కడక్కడా సన్నని పాయలు చేసుకుంటాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనబడే చోటే ఆ పాయ. ఈదడం వచ్చినవాడు ఆ ప్రశాంతత చూసే దిగుతాడు. పాయలో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, పక్కకు, ఒడ్డు వెంబడి ఈది బయటపడాలి. ఇది చెప్పి, ఆ రోజు పున్నమి పోటు అని కూడా చెప్పి, వాడరేవు జాలరి ఒకతన్ని రెండు గంటలకు కూలికి కుదుర్చుకుని మా ముందు నీళ్లలో నిలబెట్టాను. అతను గీసిన గీత ఎవరూ దాటలేదు.

బుధవారం సాయంత్రం స్నానాల జనం తగ్గాక పోయాం. ఆరు దాటాక వెనుక సూర్యుడు దిగాడు. ముందు నీళ్ల మీద మసక మంచు లాంటిది ఉండి, మొదట ఏమీ కనబడలేదు. చంద్రుడు రాడేమో అని కొందరు లేవబోయారు. కాసేపటికి ఆ మసకలోంచి రాగి పళ్లెంలా పైకొచ్చాడు. నీళ్ల మీద దారి పడింది. సముద్రం మొదటిసారి చూస్తున్నది ఆ ఏడుగురు కాదిప్పుడు, వాళ్లు 2023లోనే చూశారు. అయినా వాళ్లలో ఒకామె, "ఇదే ఫస్టు సారి" అంది.

ఆడవాళ్లు తడి బట్టలు మార్చుకోవడానికి చోటు లేకపోవడం మొదటిసారి పెద్ద బాధ. ఈసారి ఒడ్డున టీ కొట్టు నడిపే కుటుంబంతో మాట్లాడి, వాళ్ల వెనుక గది రెండు పూటలకు అద్దెకు తీసుకున్నాను. రెండు పెద్ద డ్రమ్ముల మంచినీళ్లు ఆటోలో ఊరి నుంచి తెప్పించాను. గది బాగానే ఉంది గానీ తలుపుకు లోపల గడియ లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడ్డారు.

ఇంకో బృందం కోసం ఈ మధ్య ఆ టీ కొట్టాయనకు ఫోన్ చేసి, మొదట అదే అడిగాను. గడియ బిగించాడట, చీర తగిలించడానికి గోడకు నాలుగు మేకులు కూడా కొట్టాడట.